పుస్తకంలో కుట్టేసిన కార్డు

మా రత్నమ్మగారికి మనుషులు పేర్లతో గుర్తుండరు, నంబర్లతో గుర్తుంటారు. తార్నాక కూరల బజారులో ఎవరైనా నమస్కారం పెడితే ఆవిడ చక్కగా నవ్వి, నాలుగడుగులు వేశాక నా వైపు వంగి "నాలుగు వందల పద్నాలుగు" అంటుంది. గుండెకు నెత్తురు తీసుకెళ్లే నాళాల్లో కొవ్వు పేరుకున్న మనిషి అని అర్థం. ఆ మనిషి సంచీలో మాంసం పొట్లం కనిపించిందా, ఇక ఆవిడకు ఆ పూట కూరలు బేరమాడే మనసుండదు. "చూశావా తమ్ముడూ, నాలుగు వందల పద్నాలుగు పెట్టుకుని కిలో వేట కొన్నాడు" అని మథనపడుతుంది. పేరు చెప్పదు, జబ్బు పేరు చెప్పదు. రోగి గుట్టు కాపాడాలన్నది ఆవిడ నియమం. కబుర్లు చెప్పకుండా ఉండలేకపోవడం ఆవిడ బలహీనత. ఈ రెండిటికీ రాజీ కుదిర్చినవి నంబర్లు.

తార్నాక చౌరస్తాకు దగ్గర్లో ఒక గుండె ఆసుపత్రి ఉంది. అందులో మేమిద్దరం రికార్డు రూములో పని చేస్తాం. ఆసుపత్రి పేరు రాయను. ఉద్యోగం పోతుందని కాదు, పేరు రాసుకునేంత గొప్ప పని ఈ కథలో మేమేమీ చేయలేదు.

ఆవిడ పనేమిటంటే, రోగి ఇంటికి వెళ్లగానే అతని ఫైలు కిందికి, మా గదికి వస్తుంది. డాక్టరు రాసిన రోగం, చేసిన చికిత్స చదివి, వాటికి సరిపోయే నంబర్లు ఒక లావుపాటి పుస్తకంలో వెతికి పట్టుకుని, ఫైలు అట్ట మీదా, ఒక చిన్న కార్డు మీదా వేయాలి. కార్డులు నంబరువారీగా చెక్క సొరుగుల్లో ఉంటాయి. ఈ ఏడాది బెలూనుతో నాళం తెరిపించుకున్నవాళ్లు ఎందరని పెద్ద డాక్టరుగారు అడిగితే రత్నమ్మగారు సొరుగు లాగి, కార్డుల మీద వేళ్లు పరిగెత్తించి, ఆయన కుర్చీలోంచి లేచేలోపు చెబుతుంది. నేను ఆవిడకు అసిస్టెంటును. ఫైళ్లు అల్మారాల్లో సర్దడం, పోస్టుకార్డుల మీద అడ్రసులు రాయడం నా పని.

ఆవిడది బాపట్ల దగ్గర ఒక పల్లె. వాళ్ల నాన్న మిషన్ బడిలో పంతులు. టైపు నేర్చుకుని, యూనివర్సిటీ పరీక్షల విభాగంలో గుమాస్తాగా ఉన్న స్టీఫెన్‌గారిని పెళ్లాడి, క్యాంపస్ క్వార్టర్సులో కాపురం పెట్టింది. ఆసుపత్రి తెరిచిన కొత్తలో పెద్ద డాక్టరుగారు అమెరికా నుంచి తెచ్చుకున్న పాత పుస్తకం ఆవిడ ముందు పెట్టి, "ఇందులో వేల నంబర్లున్నాయమ్మా, చదవగలవా?" అని అడిగారట. "బైబిల్లో వంశావళులు చిన్నప్పుడే ఒప్పజెప్పినదాన్నండీ, ఇదెంత!" అన్నదట ఆవిడ. ఉద్యోగం ఆ మాటకే వచ్చింది.

నంబర్లు ఎక్కువైతే చిక్కులూ ఉంటాయి. ఒక ఆదివారం చర్చిలో అయ్యగారు, "రత్నమ్మగారూ, మీరు ఎన్నో పాట ఎత్తుకుంటారు?" అని అడిగితే, అప్పుడే ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దమనిషిని చూసి ఉన్న ఆవిడ ఆలోచించకుండా "నాలుగు వందల పద్నాలుగు" అనేసింది. సంఘమంతా పుస్తకాలు తిరగేసింది. అది భూస్థాపన పాట. బాప్తిస్మం తీసుకోవడానికి తెల్లబట్టలు కట్టుకుని నిలబడ్డ ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. స్టీఫెన్‌గారు ఇప్పటికీ ఆ ఆదివారాన్ని తలుచుకుంటే కండువా నోట్లో కుక్కుకుంటారు.

ఇంకోసారి ఉత్త ఛాతీనొప్పితో వచ్చిన ఒక సాయబుగారు తన చీటీ మీద నంబరు చూసి కళ్లకద్దుకున్నారు. ఛాతీనొప్పి నంబరు ఏడు వందల ఎనభై ఆరుతో, వాళ్లకు శుభమైన అంకెతో, మొదలవుతుంది మరి. "బహుత్ అచ్ఛా నంబర్ ఇచ్చిన్రమ్మా, ఇంక నాకేం గాదు" అని ధీమాగా వెళ్లిపోయారు. నిజంగానే ఏం కాలేదు. గ్యాసు.

తొంభై ఆరులో మా ఆసుపత్రిలో స్టెంట్లు వేయడం మొదలైంది. బెలూనుతో తెరిచిన నాళం మళ్లీ మూసుకుపోకుండా లోపల నిలబెట్టే సన్నటి లోహపు జాలీ అది. గొప్ప విషయమే. కానీ రత్నమ్మగారి పుస్తకంలో దానికి నంబరు లేదు. పుస్తకం అచ్చయినప్పటికి స్టెంట్లు లేవు. పెద్ద డాక్టరుగారిని అడిగితే, "బెలూను నంబరే వేసేయండమ్మా" అన్నారు. ఆవిడ కిందికి దిగి వచ్చి, కుర్చీలో కూలబడి, "చీర కొన్నవాళ్లకీ రవికముక్క కొన్నవాళ్లకీ ఒకటే చీటీయా తమ్ముడూ?" అంది. సాయంత్రానికి ఉపాయం దొరికింది. బెలూను నంబరే వేసి, పక్కన ఎర్ర పెన్సిలుతో ఒక చుక్క పెట్టింది. చుక్క ఉంటే స్టెంటు ఉన్నట్టు. ప్రపంచంలో ఏ పుస్తకంలోనూ లేని ఆ గుర్తు మా సొరుగులో మాత్రం చెల్లింది.

ఆ చుక్క ఉత్త ముచ్చటకు పెట్టింది కాదు. స్టెంటు వేయించుకున్నవాళ్లకు ఆ రోజుల్లో నెత్తురు గడ్డకట్టకుండా రోజుకు రెండు పూటలా ఒక మాత్ర ఇచ్చేవారు. ఆ మాత్ర మంచిదే గానీ, నూటికొకరికి నెత్తురులో తెల్లకణాలను పడగొట్టేది. తెల్లకణాలు పడిపోతే ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి ఉండదు. జ్వరం, గొంతునొప్పి రూపంలో మొదలై ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి మాత్ర వాడినన్నాళ్లూ రెండు వారాలకోసారి రక్తపరీక్ష చేయించుకోవాలి. అందరినీ మంగళవారాలే రమ్మనేవాళ్లం. మా పద్ధతేమిటంటే, రత్నమ్మగారు చుక్క కార్డులు తీసి చూసి ఎవరి వంతో చెబుతుంది, నేను పోస్టుకార్డు రాస్తాను, వాళ్లు వస్తారు. పోస్టుకార్డు దారిలో ఎవరైనా చదువుతారు కదా, అందుకని జబ్బు పేరు రాయకుండా నంబరు వేసి, చుక్క పెట్టి, "మంగళవారం ఉదయం తొమ్మిది గంటలకు రాగలరు" అని మాత్రం రాసేవాళ్లం. గుట్టు భద్రం అనుకున్నాం.

క్యాంపస్ పోస్ట్‌మన్ గట్టయ్య మూడు నెలల్లో ఆ గుట్టు పట్టేశాడు. ఒకరోజు మా కిటికీ దగ్గర సైకిలు ఆపి, "మేడమ్, గీ ఎర్ర చుక్క కార్డులు గుండెల స్ప్రింగు ఏసుకున్నోళ్లకే గద?" అన్నాడు. రత్నమ్మగారు గుండె పట్టుకుంది. "ఎవరికైనా చెప్పావా గట్టయ్యా?" "నేనెందుకు చెప్త మేడమ్! ఇంటి ముందట నిలబడి, సారూ మీ స్ప్రింగు కార్డొచ్చిందని ఒక్క కేకేస్త, అంతే."

ఇక శేషాద్రిగారి సంగతి.

శేషాద్రిగారు యూనివర్సిటీ లైబ్రరీలో బైండరు. ప్రొద్దుటూరు మనిషి. ముప్పై ఏళ్లుగా అట్టలు ఊడిన పుస్తకాలకు కొత్త వెన్ను కట్టడమే ఆయన వృత్తి. చొక్కాకు ఎప్పుడూ మైదా జిగురు అంటుకుని ఉంటుంది. తొంభై ఏడు జూన్‌లో ఆయనకు స్టెంటు పడింది. ఇంటికి వెళ్లేనాడు కాగితాల కోసం మా కిటికీ దగ్గరికి వచ్చి, కాగితాల సంగతి మరిచిపోయి రత్నమ్మగారి పుస్తకాన్నే చూస్తూ నిలబడ్డారు. దాని అట్టలు ఎప్పుడో ఊడిపోతే ఆవిడ కట్లు కట్టే ప్లాస్టరు అంటించి నడుపుతోంది.

"ఏమ్మా, ఆ పుస్తకాన్ని అట్ల పెట్టుకుంటారా? చూసేదానికే పాపంగా ఉండాది. ఇట్లియ్యండి, నేను కట్టుకొచ్చిస్తా" అన్నారు.

"అయ్యో, మీరు నిన్న మొన్న మంచం దిగారండీ, విశ్రాంతి తీసుకోండి."

"ఇదే నాకు విశ్రాంతి మ్మా."

ఆ నిమిషంలో రత్నమ్మగారు ఆయన కార్డే రాస్తోంది. పేరు, చిరునామా, స్టెంటు వేసిన తేదీ రాసింది. నంబరు వేసి చుక్క పెట్టబోతుండగా పైనుంచి కబురొచ్చింది, కొత్త పుస్తకం పార్శిలు వచ్చిందని. ఆరు నెలలుగా ఆవిడ డాక్టరుగారి ప్రాణం తీసి తెప్పించుకున్న కొత్త ముద్రణ. అందులో స్టెంటుకు సొంతంగా నంబరు ఉందని ముందే తెలుసు. ఆవిడ కార్డును బెలూను పేజీలో పెట్టి, పుస్తకం మూసి, మెట్లెక్కి పరుగెత్తింది. దిగి వచ్చేటప్పుడు చంటిపిల్లను ఎత్తుకున్నట్టు కొత్త పుస్తకం చేతుల్లో ఉంది. శేషాద్రిగారు ఇంకా కిటికీ దగ్గరే ఉన్నారు. ఆ సంతోషంలో ఆవిడ పాత పుస్తకం ఆయన చేతిలో పెట్టేసింది. ఆయన కార్డు ఆయన చంకలోనే ఇంటికి వెళ్లింది.

ఆ రోజంతా మాకు పండగ. చుక్క కార్డులన్నీ బయటికి తీసి, ఒక్కొక్కదాని మీద పాత నంబరు కొట్టేసి, కొత్తది వేశాం. ముప్పై ఆరు చుక్కా సున్నా ఆరు. రత్నమ్మగారు ఆ నంబరు పైకి చదువుతూ రాసింది. ముప్పై ఒక్క కార్డులు. రెండుసార్లు లెక్కపెట్టాం. రెండుసార్లూ ముప్పై ఒకటే వచ్చాయి కాబట్టి సరిపోయిందనుకున్నాం. దేనితో సరిపోయిందని మాత్రం ఇద్దరిలో ఒక్కరమూ అడగలేదు. ఇంకోటి కూడా ఇక్కడే చెప్పేస్తాను. శేషాద్రిగారి ఫైలు అట్ట మీద నంబరు లేదు. చూడకుండా అల్మారాలో పెట్టింది నేను. ఈ ముక్క ఆ రోజుల్లో ఎవరికీ చెప్పలేదు.

జూలై మూడో వారం. సన్నగా తుంపర పడుతోంది. పొద్దున్నే మా వాచ్‌మన్ ఒక పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టాడు. "బైండింగు సారు ఇచ్చి పోయిండు, లోపలికి రాలే" అన్నాడు. విప్పి చూస్తే పాత పుస్తకం! నీలం క్యాలికో గుడ్డతో అట్ట, తోలు వెన్ను, వెన్ను మీద బంగారు గీతలు. కొత్త పుస్తకం దాని పక్కన పనిమనిషిలా కనిపించింది. రత్నమ్మగారు దాన్ని నర్సులకు చూపించింది, ల్యాబువాళ్లకు చూపించింది, మందుల కొట్టతనికి చూపించింది. కాసేపు తిరిగొచ్చి కూర్చుని, పాత అలవాటుగా బెలూను పేజీ తెరిచింది.

ఆ పేజీ పక్కన ఒక కార్డు ఉంది. ఉండటమంటే ఊరికే ఉండటం కాదు. దాని అంచుకు సన్నటి బట్టపట్టీ అతికించి, మిగతా పేజీలతో కలిపి కుట్టేసి ఉంది. దాని మీద ఆవిడ చేతిరాత. కె. శేషాద్రి, లైబ్రరీ బైండరు. స్టెంటు తేదీ. నంబరు లేదు, చుక్క లేదు.

ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టింది. పెదవులు కదిలాయి. "ముప్పై ఎనిమిది రోజులు తమ్ముడూ. ఒక్క కార్డూ పంపలేదు మనం. ఒక్క పరీక్షా జరగలేదు."

నేను ల్యాబు రిజిస్టరు తెచ్చి తిరగేశాను. ఆయన పేరు లేదు.

"రెండు వందల ఎనభై ఎనిమిది" అంది ఆవిడ మెల్లగా.

అది తెల్లకణాలు పడిపోయే జబ్బు నంబరు. ఇన్నేళ్లలో ఆవిడ ఆ నంబరు రెండుసార్లు వేసింది. రెండుసార్లూ ఆ ఫైలు చివర మరణ ధ్రువపత్రం కూడా ఉందని నాకు తెలుసు.

లైబ్రరీకి ఫోను చేశాం. ఎంగేజు. మళ్లీ చేశాం. ఎంగేజు. "నీ లూనా తియ్యి" అంది.

నా లూనా మోపెడ్ గురించి రెండు మాటలు. అది ఒక మనిషిని మోయడానికే మొహమాటపడుతుంది. రత్నమ్మగారు నిండైన మనిషి. వెనక ఒక పక్కకు కూర్చుని, పుస్తకాన్ని కొంగు కింద తడవకుండా పెట్టుకుని, నా భుజం పట్టుకుంది. చౌరస్తా దాటేదాకా బాగానే వెళ్లాం. క్యాంపస్‌లో చిన్న ఎత్తు దగ్గర బండి మూలిగింది. నేను పెడళ్లు తొక్కడం మొదలుపెట్టాను. స్టూడెంట్లు ఇద్దరు ఆగి చప్పట్లు కొట్టారు. "నువ్వు రా" అని ఆవిడ దిగి నడక మొదలుపెట్టింది. నా కంటే ముందు వెళ్లింది.

దారిలో గట్టయ్య ఎదురయ్యాడు. "గట్టయ్యా, బైండింగు శేషాద్రిగారిని చూశావా?" అని ఆవిడ రొప్పుతూ అడిగింది.

"పొద్దుగాల చూసిన మేడమ్. ఇంటికి పోతుండె. జరమొచ్చిందట, గొంతు పట్టిందట. మాట గూడ సక్కగ వస్తలేదు."

రత్నమ్మగారు సైకిలు హ్యాండిలు పట్టుకుని నిలబడింది.

"అయినా ఏంది మేడమ్, గాయన గూడ స్ప్రింగు ఏసుకున్నడు గద? మీ చుక్క కార్డు ఒక్కసారన్న రాలే. అడుగుదామనుకున్న."

"మరి అడగలేదేం గట్టయ్యా!"

"అడిగితె, జబ్బులు గూడ చదువుతున్నవారా అని తిడతరని ఊకున్న."

ఆవిడ హ్యాండిలు వదిలి మళ్లీ నడక అందుకుంది. ఒక పోస్ట్‌మన్‌కు తెలిసింది మా సొరుగుకు తెలియలేదు.

శేషాద్రిగారి క్వార్టరు లైబ్రరీ వెనక వైపు, ఉద్యోగుల వరస ఇళ్లలో ఉంది. ఆయన భార్య ఈశ్వరమ్మగారు తలుపు తీసింది. తడిసిన మనుషులిద్దర్నీ, కొంగు కింద పుస్తకాన్నీ చూసి, "అట్ట సరిగా రాలేదా మ్మా?" అంది.

"అట్ట బ్రహ్మాండంగా ఉందమ్మా. ఆయనెక్కడ?"

ఆయన దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చుని ఉన్నారు. మెడకు మఫ్లరు. రత్నమ్మగారు కుశలప్రశ్నలు వేయలేదు. "మాత్రలు వేసుకుంటున్నారా?" అంది.

"ఒక్కపూట గూడా మరవలేదు మ్మా" అన్నారాయన, ఎండుటాకు మీద నడిచినట్టున్న గొంతుతో. "పొద్దున ఒగటి, రాత్రికి ఒగటి."

ఇంకే రోజైనా ఆ మాటకు ఆవిడ మురిసిపోయేది. ఆ రోజు మొహం ఇంకా పాలిపోయింది. "రక్తపరీక్షకు ఎందుకు రాలేదు?"

"కార్డు వస్తే రమ్మన్నారు గదా. రాలేదు. అంటే నాకు అవసరం లేదనుకున్నా. మీరంతా లెక్కగా చేసేవాళ్లు గదా మ్మా, ఊరికే పంపకుండా ఉంటారా?"

ఆవిడ స్టూలు మీద కూర్చుంది. తరవాత ఈశ్వరమ్మగారి వైపు తిరిగింది. నేనైతే "ఏదో చిన్న పరీక్షమ్మా, ఊరికే" అని దాటేసేవాణ్ని. ఆవిడ దాటేయలేదు. "తప్పు నాదమ్మా. ఆయన కార్డు పుస్తకంలో పెట్టి మరిచిపోయి, ఆయనకే ఇచ్చేశాను. ఆ మాత్రకు రెండు వారాలకోసారి నెత్తురు చూడాలి. నేను చూపించలేదు. ఇప్పుడు జ్వరం, గొంతునొప్పి అంటున్నారు. మామూలు జలుబే కావచ్చు, కాకపోవచ్చు. ఇప్పుడే రావాలి."

ఈశ్వరమ్మగారు ఒక క్షణం ఆవిడను తేరిపార చూసింది. తిడుతుందనుకున్నాను. "తిట్టేది పనయినాక తిడతాలే. ఆటో పిలువు నాయనా" అని నాతో అంది.

ఆటోలో ముగ్గురూ వెళ్లారు, వెనకే నా లూనా. ల్యాబులో నెత్తురు తీశారు. మా ల్యాబతను సూక్ష్మదర్శినిలో ఒక్కొక్క కణాన్ని చూసి లెక్కపెట్టే మనిషి. ఎంతసేపు పడుతుందని అడిగితే, "అరగంట. తొందర పెడితే గంట" అన్నాడు. ల్యాబు బయట బెంచీ మీద శేషాద్రిగారు మధ్యలో, ఆడవాళ్లిద్దరూ చెరో పక్కన. రత్నమ్మగారి పెదవులు కదులుతున్నాయి. ఈశ్వరమ్మగారు తాళిబొట్టు చేత్తో పట్టుకుని కళ్లు మూసుకుంది. కొంతసేపటికి కళ్లు తెరిచి, "మీ దేవునికి గూడా మా ఆయన పేరు చెప్పినావా మ్మా?" అని అడిగింది.

"చెప్పానమ్మా. ఇంటినంబరుతో సహా చెప్పాను. మీరు?"

"నేను ఏడుకొండలాయనకు నీ పేరు గూడా చెప్పినా. నీ మొహం చూస్తే ఈయన కంటే నువ్వే ముందు పడిపోయేట్టుండావు."

మధ్యలో కూర్చున్నాయనకు ఇదేమీ పట్టలేదు. రత్నమ్మగారి ఒళ్లోని పుస్తకం తీసుకుని వెన్ను నిమురుతూ, "తేమకు కొంచెం ఉబ్బినట్టుండాది" అని చింతపడుతున్నారు.

అప్పుడు నేను ఆగలేక అడిగాను. "కార్డు మీద మీ పేరు ఉంది కదండీ. చూసి కూడా ఎందుకు కుట్టేశారు?"

ఆయన నన్ను కొత్త పిల్లాణ్ని చూసినట్టు చూశారు. "విడి కాగితం కనపడితే బైండరు పారేయకూడదు నాయనా. తీసి పక్కన గూడా పెట్టకూడదు. ఏ పేజీలో దొరికితే ఆ పేజీలో కుట్టాల. పుస్తకంలో దొరికింది పుస్తకానిదే. ముప్పై ఏండ్లుగా అదే పద్ధతి. పేరు చూసినా. ఆసుపత్రోళ్లు నన్ను గూడా పుస్తకంలోకి ఎక్కించినారు అనుకున్నా. చిరగకుండా బట్టపట్టీ వేసి మరీ కుట్టినా."

"నాకూ చూపించినాడు" అంది ఈశ్వరమ్మగారు. "ఇంగ్లీషు పుస్తకంలో నా పేరు పడిందే అని వీధంతా చెప్పుకున్నాడు. నేను నమ్మలేదు."

రత్నమ్మగారికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు రావాలో తేలకముందే ల్యాబు తలుపు తెరుచుకుంది. ల్యాబతను చీటీ చూస్తూ, బస్సు నంబరు చదివినంత మామూలుగా చెప్పాడు. "తెల్లకణాలు తొమ్మిది వేల రెండు వందలు."

"మళ్లీ చదవండి" అంది ఆవిడ.

"తొమ్మిది వేల రెండు వందలు మేడమ్. నార్మలు. నాకంటే ఎక్కువున్నాయి."

ఆవిడ లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. ఈశ్వరమ్మగారు, "అంటే ఏమి మ్మా, మంచిదా చెడ్డదా?" అని రెండుసార్లు అడిగింది. "మంచిదమ్మా, చాలా మంచిది" అని రత్నమ్మగారు ఆవిడ చెయ్యి పట్టుకుంది. అలా పట్టుకునే నిలబడ్డారు ఇద్దరూ. నేను గోడకానుకున్నాను. అల్మారాలో ఫైలు పెట్టినప్పటి నుంచి నా మీద కూడా ఎంత బరువుందో అప్పుడే నాకు తెలిసింది.

పెద్ద డాక్టరుగారు టార్చి వేసి శేషాద్రిగారి గొంతు చూశారు. ఎర్రగా ఉంది, మామూలు గొంతునొప్పి. "ఏం తాగారు?" అని అడిగారు.

శేషాద్రిగారు పైకప్పు వైపు చూశారు. ఈశ్వరమ్మగారు చెప్పింది. "చెరుకురసం సార్. వానలో. ఐసు ఏసుకోని. రెండు గలాసులు. పుస్తకం అయిపోయిందని సంతోషమంట."

నోట్లో పుక్కిలించడానికి ఉప్పునీళ్లు, జ్వరానికి మాత్ర రాసి ఆయన్ను పంపించాక, రత్నమ్మగారు డాక్టరుగారి బల్ల మీద పుస్తకం తెరిచి కార్డు చూపించింది. జరిగింది మొదటి నుంచి చెప్పింది. ఆయన మొదట నవ్వలేదు. "ఇదే కణాలు పడిపోయి ఉంటే?" అన్నారు. ఆవిడ తల వంచుకుంది. "తెలుసండీ. మెమో ఇవ్వండి" అంది.

ఆయన బట్టపట్టీని గోటితో గీకి చూశారు. కార్డును లాగి చూశారు. రాలేదు. పెదవి చివర కదిలింది. "ఏ నంబరు కింద ఇమ్మంటారు మెమో?" అన్నారు. ఆ తరవాత సీరియస్‌గానే ఒక పని చేశారు. ఇక మీదట పరీక్ష తేదీలన్నీ రోగి ఇంటికి వెళ్లేటప్పుడే కాగితం మీద రాసి చేతికివ్వాలి. పోస్టుకార్డు గుర్తు చేయడానికి మాత్రమే. ప్రతి సోమవారం మా సొరుగులోని కార్డులను పైన స్టెంట్లు వేసే గది రిజిస్టరుతో సరిచూడాలి. ఆ మధ్యాహ్నమే సరిచూశాం. రిజిస్టరులో అప్పటికి ముప్పై తొమ్మిది, సొరుగులో ముప్పై ఎనిమిది. తేడా ఒక్కటే. ఆ ఒక్కటీ ఉప్పునీళ్లు పుక్కిలించడానికి ఇంటికి వెళ్లింది.

శేషాద్రిగారికి రత్నమ్మగారు కొత్త కార్డు రాసింది. ముప్పై ఆరు చుక్కా సున్నా ఆరు. ఇక అవసరం లేకపోయినా పక్కన ఎర్ర పెన్సిలు చుక్క కూడా పెట్టింది. ఆ రోజు ఆయన వచ్చిపోయిన చీటీ మీద వేయాల్సిన నంబరు ఇంకోటి ఉంది. ఆవిడ కొత్త పుస్తకం తెరవలేదు, నీలం అట్టదే తెరిచి, తెలిసిన నంబరునే వెతికి పట్టుకుని, బడిపిల్ల కాపీ రాసినంత శ్రద్ధగా వేసింది. నాలుగు వందల అరవై రెండు. మామూలు గొంతునొప్పి.

"ఎంత మంచి నంబరో చూడు తమ్ముడూ" అంది, చీటీ నా చేతికిస్తూ.

ఇప్పుడు తొంభై తొమ్మిది. అంకెల ముందు ఇంగ్లీషు అక్షరాలు కూడా తగిలించిన కొత్త పద్ధతి రాబోతోందట. ఆవిడ రోజూ స్టీఫెన్‌గారికి అక్షరాలు ఒప్పజెబుతోంది. నీలం పుస్తకం మాత్రం అల్మారా పై అరలో ఉంది, శేషాద్రిగారితో సహా. కార్డు చింపితే వెన్ను పాడవుతుందని మేమెవరమూ తీయలేదు.

అప్పుడు తొంభై ఏడులో ఆయన తరవాతి పరీక్షకు పోస్టుకార్డు నా చేత రాయించలేదు ఆవిడ, తనే రాసింది. అది చేరినరోజు సంగతి ఈశ్వరమ్మగారే వచ్చి చెప్పింది. గట్టయ్య వీధి మొదట్లోనే సైకిలు దిగి, కార్డు పైకెత్తి పట్టుకుని కేకలు పెడుతూ వచ్చాడట. "సారూ! వచ్చింది! మీది గూడ వచ్చిందీ!" చుట్టుపక్కలవాళ్లు ఆయనకేదో ప్రమోషను వచ్చిందనుకుని బయటికి వచ్చారట. శేషాద్రిగారు మఫ్లరు సర్దుకుని, గుమ్మంలో నిలబడి, ఆ కార్డు అందుకున్నారట. చదివి, వెనక్కి తిప్పి చూసి, అంచులు చిరగకుండా బట్టపట్టీ వేద్దామా అని ఆలోచించారట.

"వేయనియ్యలేదు మ్మా" అంది ఈశ్వరమ్మగారు. "ఇది పట్టుకోని పో, వాళ్లకే ఇయ్యి, కుట్టినావంటే చెయ్యి విరగ్గొడతా అన్నా."